రెండో అడుగు

ఫిబ్రవరి 5, సోమవారం

మా ల్యాబ్ హెన్రీ ఇవాళ పొద్దున సర్వేకు కమలాపురం వెళ్ళాడు. జీపులో సామాను సర్దుతుంటే కిందికి దిగి చూసొచ్చాను. ఏదో మరిచిపోయినదానిలా ఒకసారి, అది గుర్తొచ్చినదానిలా ఇంకోసారి. అటెండరు హనుమంతమ్మ గుమ్మంలో కూర్చుని, "ఏం మేడం, ఈ పొద్దు మెట్లు శానా ఎక్కి దిగుతాండారు?" అంది. మోకాళ్ళకు మంచిదన్నాను.

సాయంత్రం అమ్మ మళ్ళీ పత్తికొండ సంబంధం తీసింది. ఆయన పేరు ఉమామహేశ్వర. జూనియర్ కాలేజీలో లెక్చరర్, భార్య పోయింది. నెమ్మదస్తుడట.

"మీ పాప ఏం పని చేస్తాదమ్మా అని అడిగినారు. కాలేజీలో పంతులమ్మ అంటే ఇంకా ఏమో చేస్తాదంటనే అన్నారు. ఏం చెప్పల్ల?"

చెప్పాను. కమలాపురం దగ్గర బాలికల గురుకుల పాఠశాలకు కొత్త భవనం కడతారు. ఆ నేల కింద సున్నపురాయి. రాయిలో ఎక్కడ గుహ ఉందో, ఎక్కడ బీట ఉందో పైకి కనపడదు. హెన్రీ అక్కడ నేలను సుత్తితో కొడతాడు. రాయి కూడా ఇసుమంత నొక్కుకుని మళ్ళీ తేరుకుంటుంది. తేరుకుంటూ ఆ దెబ్బను పక్క రాయికి అందిస్తుంది, అది ఆ పక్కదానికి. ఆ అదురు ఎప్పుడు ఎక్కడికి చేరిందో నేలలో గుచ్చిన జియోఫోన్లు వింటాయి. నేను ఇక్కడ కంప్యూటర్లో అలాంటి నేలనే కట్టి, అందులోనూ ఒక దెబ్బ వేసి, అల ఎలా పోతుందో చూస్తాను. అక్కడి అల, ఇక్కడి అల ఒకలాగే వస్తే నా నేల సరైనదే. రాకపోతే కింద నాకు తెలియనిదేదో ఉన్నట్టు.

అమ్మ అంతా విని, "అంటే లేని బండను లేని సుత్తితో కొట్టి జీతం తీసుకుంటాండావు" అంది.

పత్తికొండవాళ్ళకు అదే చెప్పమన్నాను.

ఫిబ్రవరి 7, బుధవారం

మొదటి ఫైలు వచ్చింది. సుత్తి తగిలినప్పుడే రికార్డు మొదలవ్వాలి కానీ సుత్తికి తగిలించే కేబులు పాడయిందట. అందుకని పొద్దున మెషిన్ ఆన్ చేసి, బండల లారీలు తిరగడం మొదలయ్యేదాకా అలాగే వదిలేస్తున్నాడు. ఫైలు చాటంత ఉంది. దెబ్బ పడ్డ ముక్కలు కోసుకుని మిగతాది పారేయడం నా పని.

మిగతాదంతా హెన్రీ నడక.

ముందు గుర్తుపట్టలేదు. దెబ్బకూ దెబ్బకూ మధ్య చిన్న చిన్న గీతలు. గట్టిగా ఒకటి, మెత్తగా ఒకటి, గట్టిగా ఒకటి, మెత్తగా ఒకటి. బైకు మీంచి పడ్డప్పటి నుంచి అతను ఎడమ కాలు తేలిగ్గా వేస్తాడు. కారిడార్లో ఆ నడక నేను తల ఎత్తకుండానే పోల్చుకుంటాను. ఇప్పుడు స్క్రీను మీద కూడా.

మా భాషలో దీన్ని నాయిస్ అంటారు. తీసేయాలి. తీసేయలేదు. వేరే ఫోల్డరులో పెట్టాను. డిస్కులో చోటుంది కదా.

ఫిబ్రవరి 9, శుక్రవారం

ఇవాళ ఒకచోట ఆగి చాలాసేపు నిలబడ్డాడు. ఎందుకో.

ఫిబ్రవరి 12, సోమవారం

ఫోన్ చేశాడు. రేగడి ఎండి నెర్రెలిచ్చింది, జియోఫోన్ల ముళ్ళు దిగడం లేదు, నీళ్ళు పోసి గుచ్చుతున్నాడట. ఇదంతా చెప్పాక పెట్టేస్తాడనుకున్నాను. పెట్టలేదు.

"మేడం, నేను వచ్చినాక మీతో ఒక మాట మాట్లాడాల."

"ఇప్పుడు చెప్పు."

"ఫోన్లో చెప్పేది కాదులే మేడం. ఎదురుగా కూర్చోని చెప్పాల. మీరు కోప్పడకూడదు."

"నేనెప్పుడయ్యా కోప్పడింది?"

"కోప్పడరు. అందుకే మీతోనే చెప్పాలనుకుంటాండా."

ఫోన్ పెట్టాక క్లాసుకు వెళ్ళాను. బోర్డు మీద ఏం రాశానో తెలియదు. పిల్లలు రాసుకున్నారు, పాపం.

ఈ డైరీ ఎవరూ చదవరు కనుక రాసేస్తున్నాను. నాకు హెన్రీ కావాలి. ఎన్నాళ్ళ నుంచో కావాలి. నాకంటే మూడేళ్ళు చిన్న, మా ల్యాబ్‌లో టెక్నికల్ అసిస్టెంటు, చర్చికి పోయేవాడు, మేము ఎమ్మిగనూరు నేతవాళ్ళం. అమ్మ ఒక వారం అన్నం మానేస్తుంది. మానేసి తింటుంది. ఇదంతా ఎన్నోసార్లు లెక్కవేశాను. అతని వైపునుంచి ఒక్క మాట రాలేదనే ఊరుకున్నాను. ఇప్పుడు ఆ మాట వస్తోంది.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. తెలుసు. అయినా ఇవాళ జడ విప్పి మళ్ళీ వేసుకున్నాను.

ఫిబ్రవరి 15, గురువారం

పని లేక ఒక పిచ్చి పని చేశాను. మోడల్లో సుత్తి దెబ్బ తీసేసి అడుగు పెట్టాను. అతని బరువు ఉజ్జాయింపుగా వేసి, ఎడమ కాలికి కొంచెం తగ్గించాను. రన్ చేస్తే నల్లరేగడిలో అడుగు పడ్డచోటు నుంచి అలలు గుండ్రంగా విచ్చుకుంటూ పోయాయి. పైపొరలో మెల్లగా, కింద రాతిలో పరుగున. అంచుల దాకా పోయి మాయమయ్యాయి.

అంచుల్లో అలను మింగేసే పొర నేనే పెట్టాను. అది పెట్టకపోతే అల మోడల్ గోడకు తగిలి వెనక్కి వచ్చి, నేలలో లేనిదాన్ని ఉన్నట్టు చూపిస్తుంది. పిల్లలకు మొదటి క్లాసులోనే చెప్తాను. మోడల్ మీకు నచ్చింది చూపిస్తే సంతోషపడకండి, ముందు అనుమానించండి అని.

అనుమానించడానికి ఇవాళ ఏమీ లేదు. ఊరికే చూస్తూ కూర్చున్నాను.

ఫిబ్రవరి 19, సోమవారం

కొత్త ఫైల్లో ఒక విచిత్రం. హెన్రీ ప్రతి అడుగు వెనకా ఇంకో చిన్న అదురు. అతనిదానికంటే తేలిక. గట్టి, దాని వెనక చిన్నది. మెత్త, దాని వెనక చిన్నది.

ప్రతిధ్వని! రేగడిలో అల మెల్లగా నడుస్తుంది. తూర్పువైపు ఎక్కడో రాయి నిలువునా బీటవారి, అందులో మట్టి నిండి ఉంటే, అతని అడుగు అదురు అక్కడిదాకా పోయి, తగిలి, వెనక్కి వస్తుంది. సరిగ్గా ఇంత ఆలస్యంగానే వస్తుంది. అందరూ పారేసే చెత్తలోంచి బీటను పట్టుకున్నాను. పారేయనందుకు.

సుత్తి దెబ్బల్లో ఈ ప్రతిధ్వని కనపడటం లేదు. సుత్తి మరీ పెద్ద చప్పుడు, చిన్న ప్రతిధ్వని అందులో మునిగిపోయి ఉంటుంది.

మునిగిపోయే ఉంటుంది.

ఫిబ్రవరి 21, బుధవారం

పత్తికొండవాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారట. ఒక్క వారం ఆగమన్నాను. "వారంలో ఏం వస్తాది?" అంది అమ్మ. సర్వే అయిపోతుందన్నాను. సర్వేకూ పెళ్ళికీ సంబంధమేమిటో అర్థంకాక కాసేపు నా మొహంలోకి చూసి, టీవీ వైపు తిరిగింది.

ఫిబ్రవరి 23, శుక్రవారం

బీట లొంగడం లేదు. ప్రతిధ్వని ఆలస్యం ఒకేలా లేదు. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. బీటను ఏటవాలుగా వంచాను. కొంత కుదిరింది. ఇంకొంచెం వంపు తిప్పాను. చివర్లో ఒక పాయ చీల్చాను. ఇప్పుడది పెన్నానది పటంలా ఉంది. కానీ కుదిరింది! అక్కడి అల, నా అల ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి.

మా ల్యాబ్‌లో రీసెర్చ్ చేస్తున్న ఫిరోజా వెనక నిలబడి చూసి, "మేడం, రాయి ఇట్లా కూడా పగులుతుందా?" అంది. రాయి ఎలాగైనా పగులుతుంది అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను.

ఫిబ్రవరి 24, శనివారం

నేనే ఫోన్ చేశాను. తూర్పు మూలలో బీట ఉందని చెప్పాను.

"సుత్తి దెబ్బల్లో తెలిసిందా మేడం?"

"కాదు. నీ అడుగుల్లో."

"నా అడుగులు మీరు యాడ చూసినారు?"

"ఫైలంతా అవే కదయ్యా."

నవ్వాడు. "అయ్యో, అవి తీసేయల్ల గదా మేడం. నేను రోజూ ఆ మూలకే పోతాండా. ఆడ చింతచెట్టు నీడ ఉండాది. కింద బీట ఉంటే నాకేం తెలియలేదే."

అతను నవ్వుతుంటే పక్కన ఇంకెవరో కూడా నవ్వారు. దారిన పోయేవాళ్ళెవరో. అక్కడ పక్కనే బడి కూడా ఉంది.

ఫిబ్రవరి 26, సోమవారం

బడి భవనం కట్టే ఇంజనీరుకు నోట్ పంపాను. మొదట "బీట ఉండవచ్చు" అని రాశాను. తర్వాత "ఉండే అవకాశం ఎక్కువ" అని మార్చాను. పంపేముందు "ఉంది" అని మార్చాను. అక్కడ బోరుబండితో రంధ్రం వేసి చూడమన్నాను.

ఫిబ్రవరి 28, బుధవారం

పత్తికొండకు వద్దని చెప్పమన్నాను.

అమ్మ చాట పక్కన పెట్టింది. "ఎవురన్నా ఉండారా?"

"ఉంటే చెప్తాలే."

"ఎమ్మిగనూరు వాళ్ళేనా?"

"అమ్మా."

"సరేలేవే. ఎవురైతే ఏం, నిన్ను బాగా చూసుకుంటే సాలు" అంది. నేను వారం అన్నం మానేస్తుందని లెక్కవేసిన మనిషి. లోపలికి వెళ్ళి ఏడ్చాను, సంతోషంతో.

మార్చి 4, సోమవారం

బోరు వేశారు. ఏమీ లేదు. గట్టి బండ. పక్కన ఇంకోటి వేశారు. అక్కడా బండే.

ఇంజనీరు నాకు ఫోన్ చేసి మర్యాదగానే తిట్టాడు. నా నోట్ చూసి పునాది పని ఆపేశాడు. మేస్త్రీలు వేరే పనికి వెళ్ళిపోయారు. వాళ్ళు తిరిగొచ్చేలోపు ఎండలు ముదురుతాయి. ఆడపిల్లలు ఈ వేసవీ రేకుల షెడ్డులోనే కూర్చోవాలి. మీ కంప్యూటరు నేల మీ దగ్గరే ఉంచుకోండి మేడం అన్నాడు.

సాయంత్రం హెన్రీ చేశాడు. "ఈడ రాయి తప్ప ఏం లేదు మేడం. ఏం కాదులే, అందరికీ అయితాది. మీరు బాధపడొద్దండి." అతను ఓదారుస్తుంటే ఇంకా కష్టంగా ఉంది.

మార్చి 5, మంగళవారం

ప్రతిధ్వని పిలుపుకంటే ముందు రాదు.

మార్చి 6, బుధవారం

నిన్న పాత ఫైళ్ళన్నీ మళ్ళీ తీశాను. తప్పు ఎక్కడుందో వెతకాలి కదా. పోయినవారం ఫైల్లో, చింతచెట్టు వైపు నడిచేచోట, చిన్న అదురు ముందు పడింది. హెన్రీ అడుగు దాని వెనక పడింది. తర్వాత మళ్ళీ హెన్రీ ముందు. మళ్ళీ చిన్నది ముందు. ఒకచోట రెండూ ఒక్కసారే.

బీట అడుగుకంటే ముందు అదరదు. అది మనిషి. అతని పక్కన ఒక మనిషి నడుస్తోంది. తేలికైన మనిషి. ఆలస్యం ఒకేలా ఎందుకు లేదో, సుత్తి దెబ్బల్లో ఎందుకు కనపడలేదో, ఇప్పుడు చిన్నపిల్ల కూడా చెప్తుంది. సుత్తి కొట్టేటప్పుడు ఆమె కదలకుండా నిలబడుతోంది, అంతే.

అతని పక్కన ఒకరు నడుస్తున్నారని ఒప్పుకోవడం కంటే భూమిని చీల్చడం నాకు తేలికైంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటారు. నేను నాలుగో కాలు కోసి మరీ చూపించాను.

ఇవాళంతా కూర్చుని, చేయాల్సిన పని చేశాను. ఒక్కొక్క అడుగునూ కోశాను. అతనివీ, ఆమెవీ. ఇద్దరూ కలిసి ఆగినచోట్లు కూడా ఉన్నాయి. వాటిని కోయనవసరం లేదు, అక్కడ నేల నిశ్శబ్దంగానే ఉంది. పక్కన దాచుకున్న ఫోల్డరు కూడా తీసేశాను. బీట తీసేసి మోడల్ రన్ చేశాను. మామూలు రేగడి, మామూలు రాయి. మొదటిసారికే కలిసింది.

ఇంజనీరుకు రాశాను. బీట లేదు, మనుషుల నడకను పొరబడ్డాను, తప్పు నాది, ఫీల్డులో పనిచేసినవారిది కాదు, పునాది వెంటనే మొదలుపెట్టవచ్చు. ఫిరోజాకు కూడా చూపించాను. చదివి, టీ తెచ్చి పెట్టింది.

మార్చి 9, శనివారం

హెన్రీ వచ్చాడు. నల్లబడ్డాడు. ఎదురుగా కూర్చున్నాడు, అన్న మాట ప్రకారం.

ఇంకా నాలో ఒక మూల ఆశ ఉందని అప్పుడు తెలిసింది. ఆమె అక్క అయి ఉండవచ్చు, బంధువు అయి ఉండవచ్చు, పొలానికి పోయే దారి అదే అయి ఉండవచ్చు. అతను నోరు తెరిచేలోపు ఇన్ని బీటలు కట్టాను.

"ఆ బడిలో సైన్సు టీచరు మేడం. ప్రసన్నకుమారి. డిసెంబరులో స్థలం చూడనీకి పోయినప్పుడు పరిచయం. పొద్దున్నే బడికి ముందు వచ్చి, ఇది ఎట్ల పనిచేస్తాది, అది ఎట్ల పనిచేస్తాది అని అడుగుతాంటాది. మీ గురించి శానా చెప్పినా ఆ పిల్లకు."

"మంచిది" అన్నాను.

"వాళ్ళ అన్న కడప డిపోలో మెకానిక్. నాయన లేడు, ఆయనే పెద్ద. మీ వైపు పెద్దోళ్ళెవరన్నా వచ్చి అడగల్ల, ఒక్కనివి వస్తే మేమేం మాట్లాడాల అన్నాడు. న్యాయమే గదా మేడం. మా అమ్మ పోయె. నేను పెరిగింది మిషన్ హాస్టల్లో. నాకెవురుండారు?" తల వంచుకున్నాడు. "మీరే నాకు పెద్దదిక్కు. మీరొచ్చి ఒక మాట చెప్పాల."

పెద్దదిక్కు. మూడేళ్ళు పెద్దయినందుకు.

"ఆలోచించి చెప్తా" అన్నాను. కోపం రాలేదు కదా మేడం అని అడిగాడు. రాలేదన్నాను. నిజంగానే రాలేదు. కోపం వచ్చినా బాగుండేది.

మార్చి 10, ఆదివారం

వెళ్ళను.

మార్చి 12, మంగళవారం

అమ్మ అడిగింది, ఉంటే చెప్తానన్నావు కదా అని. లేరమ్మా అన్నాను. రాత్రి అన్నంలో నెయ్యి ఎక్కువ వేసింది.

మార్చి 14, గురువారం

వస్తానని చెప్పాను. నేను పోకపోతే అతని తరఫున నిలబడేవాళ్ళు లేరు. అది నాకు తెలిసి ఊరుకోలేను.

మార్చి 17, ఆదివారం

కడప నుంచి తిరిగి వచ్చే బస్సులో రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతున్నాయి.

చిన్న ఇల్లు. ముందు గదిలో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ప్రసన్నకుమారి అన్న పెద్ద చేతులున్న మనిషి. గోళ్ళలో గ్రీజు ఎంత కడిగినా పోయినట్టు లేదు. హెన్రీ ఇస్త్రీ చొక్కాలో ఒక అంచున కూర్చున్నాడు. ఆమె తలుపు దగ్గర నిలబడింది. చామనఛాయ, కళ్ళజోడు, నా భుజం దాకా వస్తుంది. ఆమెలో వంక పెట్టడానికి ఏదైనా దొరుకుతుందేమోనని చూశాను. దొరకలేదు.

"మేడం, నాకు తిప్పి తిప్పి మాట్లాడేది రాదు" అన్నాడు అన్న. "ఈయప్పకు ఆస్తి లేదు, అయినోళ్ళు లేరు. అది ఏం కాదు. మనిషి ఎట్లాటోడు? మీరు చూసినారు. మీ మాట మీద ఉండాది."

రెండు మాటలు చెప్పి ముగిద్దామనే వచ్చాను. మంచివాడు, కష్టపడతాడు. బస్సులో ప్రాక్టీసు కూడా చేసుకున్నాను. మొదలుపెట్టాక ఆగలేదు.

సుత్తి ఎత్తేముందు చుట్టూ చూస్తాడని చెప్పాను. దగ్గర్లో గొర్రెలుంటే అవి పోయేదాకా ఆగుతాడని, బెదురుతాయని. కోపం వస్తే గొంతు తగ్గుతుందే కానీ పెరగదని. టీ సగం తాగి మరిచిపోతాడు, చల్లారాక తాగేస్తాడు, ఇంకోటి పెట్టమని అడగడు కనుక ఎవరో ఒకరు చూసుకోవాలి. మా హనుమంతమ్మ కొడుకు జ్వరంతో ఉన్నప్పుడు రెండ్రోజులు ఆసుపత్రిలో కూర్చుని ఎవరికీ చెప్పలేదు. పాట పాడతాడు, ఎవరూ లేరనుకున్నప్పుడు, అంత బాగా ఏమీ పాడడు. నేను తప్పు చేసి అతని పని చెడగొట్టినా నన్నే ఓదార్చాడు. అతను గదిలోకి వస్తే గదిలో ఉన్నవాళ్ళకు పని తేలికవుతుంది. రాని రోజు పొద్దు గడవదు. అలాంటి మనిషి పక్కన బతకడం అదృష్టం, మీ చెల్లెలికి అది దొరుకుతోంది, అడ్డం పడకండి.

ఇది చెప్పేటప్పుడు నేను అన్న వైపు చూడటం లేదు. హెన్రీ వైపు చూసి చెప్పాను. చెప్పాల్సిన మనిషికే చెప్పాను. అతను తల వంచుకుని విన్నాడు, చెవులు ఎర్రబడ్డాయి.

"ఇంత తెలిసినోళ్ళు చెప్పినాక ఇంకేం కావల్ల" అన్నాడు అన్న. "అట్లే కానిద్దాం."

ప్రసన్నకుమారి నా వైపు చూసింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూసింది. ఆమె సైన్సు టీచరు, ఆమెకు తెలిసిపోయింది. దగ్గరికి వచ్చి నా చెయ్యి పట్టుకుని, "అన్నం తిని పోవల్ల మీరు" అంది. తిన్నాను.

బస్టాండు దాకా హెన్రీ వచ్చాడు. "నా గురించి నాకే తెలియనివి చెప్పినారు మేడం" అన్నాడు. "నా కోసరం అంత కల్పించి చెప్పాల్సి వచ్చె మీకు."

కల్పించలేదయ్యా, అన్నాను. ఉన్నదే చెప్పాను.

రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాడు, పెద్దవాళ్ళకు పెట్టినట్టు. బస్సు కదిలింది.